నవ్వకుండా నెగ్గిన రోజు

"పెట్టె డిక్కీలో పట్టట్లేదమ్మా," అన్నాడు మామయ్య, మెట్లెక్కి వస్తూ.

"పట్టకపోతే దాన్ని ముందు సీట్లో కూర్చోబెట్టు. డిక్కీలో నేను పడుకుంటాను," అంది అమ్మమ్మ.

ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో ఎవరూ నవ్వరు. వాళ్ళు నవ్వితే నేను నవ్వుతాను, నేను నవ్వితే పడిపోతాను. అందుకని రెండేళ్ళుగా మా ఇంట్లో మాటలన్నీ రైల్వే స్టేషన్లో మైకు మాటల్లా ఉంటాయి. ఫలానా బండి ఆలస్యం, ఫలానా కూర మాడింది, అంతే.

అమ్మ మాత్రం అలవాటు ప్రకారం గబుక్కున నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది. నా భుజాల పక్కన రెండు చేతులూ చాచింది. నాకేమీ కాలేదని తేలాక చేతులు దించి, అమ్మమ్మకేసి ఒక చూపు చూసింది.

"వెళ్ళేముందైనా నోరు కట్టుకోవచ్చు కదమ్మా."

"వెళ్ళేదాన్ని, ఇంకా కట్టుకోవడమేంటే? కట్టుకున్న ఆయనే పోయాడు."

"చూశావా అన్నయ్యా? చూశావా?"

మామయ్య చూశాడు. ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఎవరైనా గొంతు పెంచితే చాలు, కూర్చున్న చోటే కుడికాలితో నేలని నొక్కుతాడు, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఇప్పుడు కూడా నొక్కాడు. ఏదీ ఆగలేదు.

నాన్న కిటికీ దగ్గర నిలబడి గోళ్ళలో ఇరుక్కున్న పుట్టీ గీక్కుంటున్నాడు. కింద షాపు మూసేసి వచ్చాడు. పట్టపగలు నాన్న షట్టరు దించాడంటే అది మాటలు కాదు. అద్దాలు కొయ్యడం, ఫ్రేములు కట్టడం తప్ప ఆయనకి ఇంకో లోకం లేదు.

"అత్తయ్యగారు ఎక్కడికీ వెళ్ళరు," అన్నాడు కిటికీతోనే. పొద్దుట్నుంచీ ఆ మాట అంటున్నాడు. కిటికీ ఒక్కటే వింటోంది.

"మీకేం తెలుసు?" అంది అమ్మ.

"తెలీదు. కానీ ఆవిడ వెళ్ళరు."

"ఆ రోజు అద్దం పగిలినప్పుడు కూడా మీరు ఇలాగే ఏమీ తెలీనట్టు నిలబడ్డారు."

నాన్న గోళ్ళు గీక్కోవడం మానేశాడు. ఆ మాట ఎక్కడ తగులుతుందో అందరికీ తెలుసు. తెలిసే అమ్మ అంది.

ఆ రోజు సెలూన్ వాళ్ళకి నిలువెత్తు అద్దం కోస్తున్నాడు నాన్న. సాయానికి మనిషి రాలేదు. 'ఒక్క నిమిషం ఈ చివర పట్టుకోవే' అన్నాడు. పట్టుకున్నాను. అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని, సెలూన్ ఆయన్ని ఎగాదిగా చూసి, 'ఇంత అద్దం ఎందుకయ్యా, నీ తల చూస్తే ఎవరూ కటింగుకి రారు, ఓదార్చడానికి వస్తారు' అంది. పాపం ఆయనకి ఒక్క వెంట్రుక లేదు. ఆయనే ముందు నవ్వాడు. తరవాత నేను.

నా పడిపోవడం మూర్ఛ లాంటిది కాదు, కళ్ళు తిరగడం కాదు. ముందు దవడ జారుతుంది. తరవాత మెడ, తరవాత మోకాళ్ళు. ఒంట్లో ఉన్న పట్టంతా ఎవరో లాగేసుకుంటారు. స్పృహ మాత్రం నిక్షేపంలా ఉంటుంది. నిమిషమో రెండు నిమిషాలో బియ్యం బస్తాలా పడుంటాను, తరవాత లేస్తాను. డాక్టరుగారు దాన్ని కాటాప్లెక్సీ అన్నారు, రోజుకో మాత్ర రాశారు. అమ్మమ్మ ఆ పేరు నోరు తిరక్క, నాకే బొంగరం అని పేరు పెట్టేసింది. పడితే ఏం, మళ్ళీ తిప్పితే తిరుగుతుందిట.

ఆ రోజు అద్దం ముక్కల మధ్య పడ్డాను. మోచేతి కింద కుట్లు పడ్డాయి. అమ్మ తను పనిచేసే మందుల షాపు నుంచి పరిగెత్తుకొచ్చింది, చేతిలో ఇంకా ఎవరిదో దగ్గు మందు సీసా ఉంది. నా పక్కన కూలబడి ఒకే మాట అంది. 'నువ్వే చంపేస్తావమ్మా దీన్ని.' అమ్మమ్మతో అంది. నాకు వినపడదనుకుంది కాబోలు. నేను కదల్లేనప్పుడు మా వాళ్ళు చాలా మాటలు మాట్లాడుకుంటారు. అన్నీ వింటాను.

ఆ సాయంత్రమే అమ్మ మామయ్యకి ఫోన్ చేసింది, అమ్మమ్మని తీసుకెళ్ళమని. ఆయనకి సెలవు దొరికేసరికి ఇదిగో, నెల పట్టింది.

"పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం," అంది అమ్మ ఇప్పుడు. "నీకు నోటి దురదమ్మా. పోయేది దాని ప్రాణం."

"అవునే. దురదే," అంది అమ్మమ్మ. "ఇది పుట్టినప్పుడు మూడు నెలలు నవ్వలేదని ఏడ్చావు గుర్తుందా? ఊళ్ళో ఉన్న గిలక్కాయలన్నీ కొనిపించావు. మొదట నవ్వించింది ఎవరు?"

గ్యాస్ మీద టీ పొంగింది. ఎవరూ కదల్లేదు, అది పొంగిపొంగి మంట దానంతటదే ఆరిపోయింది. నేను లేచి వెళ్ళి స్టవ్ కట్టేశాను.

అక్కడ నిలబడి నన్ను నేను చూసుకున్నాను. అమ్మమ్మ వెళ్ళిపోతోంది. తన మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది. నాకు ఏడుపు రావాలి. కనీసం గొంతులో ఏదో అడ్డం పడాలి. పొంగిన టీ తుడుస్తూ కాసేపు ఆగి చూశాను. ఏమీ లేదు. ఈ మధ్య అన్నీ పక్కింట్లో జరుగుతున్నట్టే ఉంటున్నాయి. కానీ అమ్మమ్మ వెళ్ళకూడదని మాత్రం తెలుసు. బుర్రకి తెలుసు. ఒంటికే ఇంకా కబురు అందలేదు.

గుడ్డ పిండి, వెనక్కి వచ్చి అన్నాను. "పరీక్ష పెట్టండి."

"ఏం పరీక్ష?" అన్నాడు మామయ్య.

"అమ్మమ్మ పళ్ళ కథ చెప్తుంది. నేను నవ్వితే, పడితే, తను నీతో వస్తుంది. పడకపోతే ఇక్కడే ఉంటుంది."

గదిలో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పళ్ళ కథ అంటే మా ఇంట్లో నిప్పుతో చెలగాటం. ఆ కథకి నేను ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. ఒకసారి మంచం మీద నుంచి పడ్డాను, ఒకసారి సగం మెట్ల మీద నుంచి. అమ్మ దాన్ని నిషేధించింది.

"వద్దు," అంది అమ్మ.

"కూర్చునే వింటాను. నువ్వు వెనక నిలబడు."

"వద్దంటే వద్దు."

"అద్దం పగిలాక ఒక్కసారైనా పడ్డానా?"

పడలేదు. అది అందరికీ తెలుసు. నాన్న కిటికీ వదిలి వచ్చి, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"న్యాయమే కదా," అన్నాడు. "కానివ్వండి అత్తయ్యగారూ."

"నాకు ఇష్టం లేదు అల్లుడుగారూ," అంది అమ్మమ్మ. "పిల్లని గెలిపించాలంటే నేను కథ చెడగొట్టాలి. కథ బాగా చెప్తే అది ఓడిపోతుంది. నన్ను అడకత్తెరలో పెట్టారు."

"బాగానే చెప్పు," అన్నాను. "చెడగొడితే నాకు తెలిసిపోతుంది."

అమ్మమ్మ నాకేసి కాసేపు చూసింది. చెంబు ఎత్తి నాలుగు గుక్కలు నీళ్ళు తాగింది. మొదలుపెట్టింది.

"మీ తాత నోరు మంచిది కాదు. పొద్దున లేస్తే బూతుతో లేచేవాడు. ఆయన స్నేహితుడు పోస్టుమాస్టరు, ఆయనేమో చీమని కూడా 'మీరు' అనే రకం. ఇద్దరికీ ఒకే ఏడాది పళ్ళు ఊడాయి. పట్నం వెళ్ళి ఒకే డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు పెట్టించుకుని రాత్రి బస్సులో వస్తున్నారు. కొత్త పళ్ళు కదా, నొప్పి. ఇద్దరూ తీసి ఒకే గ్లాసులో వేశారు. తెల్లవారుజామున కండక్టరు మీ ఊరొచ్చింది దిగండి దిగండి అని అరిచాడు. చీకట్లో ఎవరికి చేతికొచ్చినవి వాళ్ళు పెట్టేసుకుని దిగారు."

మామయ్య పెదాలు అప్పటికే వణుకుతున్నాయి. ఆయనకి కథ కంఠతా వచ్చు.

నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. నవ్వు నాకు ఎక్కడ మొదలవుతుందో నాకు బాగా తెలుసు. చెవుల కింద, దవడ కీలు దగ్గర సన్నగా గుంజుతుంది. అది గుంజగానే పళ్ళు బిగించి వేరే ఏదైనా ఆలోచించాలి. నేను స్కూల్లో ఎక్కాలు అప్పచెప్పుకుంటాను. పదిహేడో ఎక్కం సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఇంటికొచ్చాడు. నేను తలుపు తీశాను. ఎప్పటిలా 'ఎక్కడ చచ్చావే' అనబోయాడు. పళ్ళు పట్టట్లేదు. నోరు తిరగట్లేదు. 'ఎక్కడున్నారండీ' అని వచ్చింది. నేను వెనక్కి తిరిగి చూశాను, నా వెనకాల ఎవరొచ్చారా అని."

నాన్న గట్టిగా ఊపిరి పీల్చుకుని బిగబట్టాడు.

"కూర బాలేదు. పళ్ళెం విసరబోయాడు, తిట్టు రాలేదు. తిట్టకుండా విసిరితే ఏం బాగుంటుందని మళ్ళీ కింద పెట్టేశాడు. సాయంత్రం పోస్టుమాస్టరు పెళ్ళాం ఏడుస్తూ వచ్చింది. 'వదినా, మా ఆయనకి ఏదో పట్టింది. పొద్దుట్నుంచీ అచ్చం మీ ఆయనలా తిడుతున్నారు. ఉత్తరాలు తీసుకోడానికొచ్చిన వాళ్ళని కూడా వదల్లేదు' అంది. అప్పుడు అర్థమైంది నాకు. పళ్ళు మారాయి."

నాన్న బిగబట్టిన ఊపిరి భళ్ళున వదిలేశాడు.

"దాని చెయ్యి పట్టుకుని బతిమాలాను. 'నీకు పుణ్యముంటుంది వదినా, ఎవరికీ చెప్పకు. నా జన్మలో మొదటిసారి అండీ అనిపించుకున్నాను. ఇంకో నాలుగు రోజులు ఉంచు!'"

మామయ్య కుర్చీలోంచి జారాడు. నాన్న టేబులు మీద తల పెట్టేసి, పిడికిలితో టేబుల్ని బాదుతున్నాడు. నాన్న నవ్వు ఎలా ఉంటుందో నేను మరిచేపోయాను. ఈల వేసినట్టు ఉంటుంది. నా వెనక నుంచి కూడా ఏదో వినిపించింది. తిరిగి చూస్తే అమ్మ. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది, వేళ్ళ సందుల్లోంచి నవ్వు కారిపోతోంది, కళ్ళ వెంట నీళ్ళు. రెండేళ్ళ నవ్వు ఒక్కసారే వచ్చినట్టుంది వాళ్ళకి.

నేను నిటారుగా కూర్చునే ఉన్నాను.

దవడ గుంజలేదు. పదిహేడో ఎక్కంతో పని పడలేదు. కథంతా వినిపించింది, అర్థమైంది, ఎక్కడెక్కడ నవ్వాలో కూడా తెలిసింది. అమ్మమ్మ ఎక్కడా చెడగొట్టలేదు, ఇంకా బాగా చెప్పింది. అయినా లోపల ఎవరూ లేని ఇల్లులా ఉన్నాను.

"నెగ్గింది!" అని నాన్న లేచాడు. కళ్ళు తుడుచుకుంటూ నా తల మీద చెయ్యి వేశాడు. "బావగారూ, పెట్టె దించండి. నా కూతురు నెగ్గింది!"

మామయ్య నవ్వుతూనే తాళాలు వెతుక్కున్నాడు. అమ్మ ఏమీ అనలేదు, కానీ వద్దని కూడా అనలేదు. ఒప్పుకున్నట్టే. ఇల్లు కాసేపు మామూలు ఇల్లులా ఉంది.

అమ్మమ్మ ఒక్కతే నవ్వట్లేదు. లేచి వచ్చి నా ముందు వంగి, గెడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"బొంగరం. ఆపుకున్నావా, రాలేదా?"

ఆపుకున్నానని చెప్తే అయిపోయేది. పెట్టె దిగిపోయేది. కానీ అబద్ధం చెప్పాలంటే కూడా లోపల ఏదో కొంచెం భయమో ఆశో ఉండాలి.

"రాలేదు," అన్నాను.

"కొంచెం కూడా?"

"కొంచెం కూడా రాలేదమ్మమ్మా. ఇందాక టీ తుడుస్తూ, నువ్వెళ్ళిపోతున్నావని ఏడుపొస్తుందేమోనని చూశాను. అదీ రాలేదు."

నాన్న చెయ్యి నా తల మీదే ఉండిపోయింది.

"పోనీలే," అంది అమ్మ, గొంతు సవరించుకుంటూ. "మందు పని చేస్తోందన్నమాట. మంచిదేగా."

"ఏ మందు?" అన్నాడు నాన్న. "ఎప్పుడూ వేసుకునేదే కదా? అది వేసుకుంటూ కూడా ఆ రోజు సెలూన్ ఆయన్ని చూసి నవ్వింది కదా?"

"అప్పుడు ఒకటి నాన్నా," అన్నాను. "ఇప్పుడు రెండు."

"రెండా? ఎవరు పెంచారు?"

"డాక్టరుగారు."

"ఎప్పుడు వెళ్ళావు డాక్టరు దగ్గరికి?"

"నేను వెళ్ళలేదు. అమ్మ చెప్పింది, పెంచారని."

నాన్న అమ్మకేసి తిరిగాడు. అమ్మ ఖాళీ కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది. ఎవరూ టీ తాగలేదు, అవి కడిగిన కప్పులే.

"నిన్నే. డాక్టరు ఎప్పుడు పెంచాడు?"

కప్పులు పేర్చడం అయిపోయింది. అమ్మకి చేతుల్లో ఇంకేమీ మిగల్లేదు.

"ఎవరూ పెంచలేదు," అంది. "నేనే పెంచాను."

మామయ్య తాళాలు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఏడెనిమిదేళ్ళుగా మందుల షాపులో నిలబడుతున్నాను. అదే మందు రెండు వేసుకునేవాళ్ళు బోలెడు మంది వస్తారు. ఏమీ కాదు."

"డాక్టర్ని అడక్కుండా?" అన్నాడు నాన్న. "షాపు ఓనరుకి తెలుసా?"

"తెలీదు. ఎవరికీ తెలీదు. అరవండి, ఎంత అరుస్తారో అరవండి. ముక్కల్లోంచి దాన్ని ఎత్తింది నేను. మెడ పక్కన, ఇంత దూరంలో, ఇంత ముక్క నిలబడి ఉంది. మీరు చూడలేదు. నేను చూశాను. కళ్ళు మూస్తే అదే. పిల్ల నవ్వకపోతే ఏమవుతుందండీ? బతికుంటుంది. నాకు అది చాలు. మీకు చాలదా?"

చాలదు అనడానికి ఎవరికి నోరొస్తుంది?

"రేపు డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను," అన్నాడు నాన్న చివరికి. "ఇవాళ్టి నుంచి ఆ రెండోది వద్దు."

"టక్కున ఆపితే ఇంకా ఎక్కువ పడుతుంది. ఆపడం కూడా తెలిసి ఆపాలి. మీకేం తెలుసు!"

"పెంచడం తెలీకుండానే పెంచావుగా!"

"ఇంక చాలు," అంది అమ్మమ్మ.

పెద్దగా అనలేదు. కానీ ఇద్దరూ ఆగారు. అమ్మమ్మ వెళ్ళి అమ్మ చేతిలోంచి కప్పులు తీసుకుని వంట గట్టు మీద పెట్టింది.

"నా నోటికి భయపడి పెంచావు. అవునా?"

అమ్మ తల వంచుకుంది.

"నేను లేకపోతే దాన్ని నవ్వించేవాళ్ళు ఈ ఇంట్లో లేరు. అప్పుడు ఒకటి చాలు కదా? డాక్టర్ని అడిగి, ఎలా దించాలంటే అలా దించుతావా?"

"అత్తయ్యగారూ, అది నెగ్గింది," అన్నాడు నాన్న.

"మీరు ఉండండి అల్లుడుగారూ. ఇది నెగ్గడం కాదు. చెప్పవే. నేను కారెక్కితే దించుతావా?"

అమ్మ గొంతు మామూలుగానే ఉంది, షాపులో చిల్లర లేదండీ అన్నట్టు.

"ముందు నువ్వు ఎక్కు."

అమ్మమ్మ చెప్పులేసుకుని మెట్లు దిగింది. వెనకాలే మామయ్య దిగాడు.

నేనూ దిగాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. బాధేసి కాదు, కోపమొచ్చీ కాదు. ఆ రెండూ వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో ఆలోచించి, అదే చేశాను. కారు వెనక తలుపు తీసి అమ్మమ్మ పక్కన కూర్చున్నాను.

"నువ్వెక్కడికే?" అంది అమ్మమ్మ.

"నీతో. డాక్టరు మందు దించుతారు కదా. నవ్వు మళ్ళీ వస్తే, అప్పుడు నువ్వు లేకపోతే ఎలా?"

అమ్మమ్మ అటు తిరిగిపోయింది. నా చెయ్యి మాత్రం పట్టుకుంది, కుట్లు పడ్డ చోట తగలకుండా. మామయ్య ఏం చెయ్యాలో తెలీక ఇంజను స్టార్ట్ చేశాడు.

అమ్మ పరిగెత్తుకొచ్చింది. చెప్పులు కూడా లేవు. వెనకే నాన్న. నా వైపు తలుపు తెరిచింది.

"దిగు."

నేను దిగలేదు.

"దిగవే. అక్కడ పడితే ఎవరు పట్టుకుంటారు?"

"నేను లేనూ?" అంది అమ్మమ్మ.

"నువ్వా? నువ్వు తుమ్మితేనే నిన్ను ఇద్దరు పట్టుకోవాలి!"

అమ్మ కోపంగానే అంది. కానీ నాన్న పుసుక్కుమన్నాడు. మామయ్య స్టీరింగ్ మీదికి వంగాడు. అమ్మమ్మ పొట్ట కదిలింది. ఒకప్పుడు అమ్మ ఇలాంటి మాటలు రోజుకి పది అనేది. అచ్చం అమ్మమ్మ కూతురే కదా.

అన్నాక అమ్మ అలవాటుగా నా మొహంలోకి చూసింది. నా భుజం కిందికి చెయ్యి వచ్చేసింది, పట్టుకోడానికి. నేను పడలేదు. అమ్మ చెయ్యి తియ్యలేదు. ఇంకా చూస్తూనే ఉంది, కళ్ళలోకి, పెదాల చివరికి, మళ్ళీ కళ్ళలోకి. ఇన్నాళ్ళూ నేను పడతానేమోనని చూసేది. ఇప్పుడు దేనికోసం చూస్తోందో నాకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది.

"నవ్వవే," అంది.

వినపడలేదేమో అనుకుని మళ్ళీ అంది. "ఒక్కసారి నవ్వవే తల్లీ. నేను పట్టుకుంటాగా."

నేను పెదాలు రెండు పక్కలకీ సాగదీసి చూపించాను.

అమ్మ కారు తలుపు పట్టుకుని, రోడ్డు మీదే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఇంజను ఆపాలా, బండి కదిలించాలా అని మామయ్య నాన్నకేసి చూశాడు. నాన్న నాకేసి చూశాడు.